స్టాండర్డ్ ఉంది సరే, బ్రౌజర్‌లో లేకపోతే ఏం లాభం?

కర్నూలు_లెక్కలు: అన్నలూ ఒక డౌటు. ఇంటర్ పిల్లోల్లకి ట్యూషన్ చెప్తా, నోట్సంతా సొంత సైట్లో పెడదామని మ్యాథ్‌ఎంఎల్‌లో (వెబ్ పేజీల్లో లెక్కల గుర్తులు రాసే భాష) రాసినా. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఒక పిల్లోడి పాత ఫోన్లో మాత్రం 3/4 ఉండాల్సిన కాడ 34 అని పడింది, రూట్ 2లో రూట్ గుర్తే మాయం, ఉత్త 2. వాడేమో ఆన్సర్ తప్పు సార్ అని నాతోనే వాదన. ఇది డబ్ల్యూ3సీ (వెబ్ స్టాండర్డులు రాసే సంస్థ) వాళ్లు 1998లోనే స్టాండర్డ్ చేసిందంట కదా, బ్రౌజరోళ్లు చేస్తామని మాటివ్వకుండా కాగితం మీద రాసుకుని ఏం ఉపయోగమప్పా? అన్నీ ఇమేజీలు చేసి పెట్టేయనా?

అనంత_ఫ్రంటెండ్: ఉపయోగం సున్నా. క్రోమ్‌లో 2013లో వచ్చింది, తర్వాతి వెర్షన్లోనే పీకేసినారు, మళ్లీ 2023లో 109వ వెర్షన్‌తో గానీ రాలా. ఫైర్‌ఫాక్స్‌లో ముందు నుంచీ ఉంది, మన పిల్లోల్లు ఎవురు వాడతారు అది. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) బదులు డబ్ల్యూ3సీ తేవాలనుకున్న ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 కథ ఇంకా ఘోరం, ఏండ్ల తరబడి రాసినారు, పాత పేజీలతో పొంతన లేదని బ్రౌజరోళ్లు మొహం కూడా చూడలా, 2009లో చాలించేసినారు. యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు 2004లోనే వేరు కుంపటి పెట్టుకున్నారు, ఇప్పుడు మనం రాసే హెచ్‌టీఎంఎల్ ఆ కుంపటిదే.

కడప_పాతకాపు: సున్నా అంటే ఒప్పుకోను తమ్ముడూ. నువ్వు టైప్ చేసిన ఈ తెలుగే చూడు, యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నెంబర్లిచ్చే స్టాండర్డ్) మన అక్షరాలకి 1991లోనే నెంబర్లు ఇచ్చినారు, విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా మామూలోళ్ల కంప్యూటర్లో అది కనపడిందే తక్కువ. అప్పట్లో పేపర్ల సైట్లు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు, అది దింపుకోకపోతే స్క్రీన్ నిండా పిచ్చిగీతలు, వెతుకుదామంటే దొరికేది కాదు. నెంబర్లు ముందే ఖాయం చేసి పెట్టబట్టే తర్వాత ఏ కంపెనీ చేసినా అందరికీ ఒకే క, ఒకే ఖ. అయితే ఇస్కీ (మన దేశ భాషల అక్షరాలకి నెంబర్లిచ్చే ఇంకో పద్ధతి) కూడా గవర్నమెంటు స్టాండర్డే, వెబ్‌లో దాన్ని ఎత్తుకున్నోళ్లు లేరు, అది వేరే సంగతి.

కోడుమూరు_కోడర్: రివర్స్ కేసు కూడా ఉంది. వెబ్ ఎస్‌క్యూఎల్ (బ్రౌజర్లోనే డేటా దాచుకునే పద్ధతి) క్రోమ్‌లో, సఫారీలో పనిచేస్తాండేది, కానీ అందరి లోపలా ఉండేది ఒకటే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, విడిగా ఇంకొకరు చేసింది లేదని డబ్ల్యూ3సీ 2010లో ఆపేసింది. అంటే కోడ్ ఉన్నా చాల్లేదు.

సారూ, ఇమేజీలొద్దు, జూమ్ చేస్తే మసకబారతాయి, చూపులేని పిల్లోల్లకి స్క్రీన్ రీడర్ చదివి చెప్పలేదు. రాసింది అట్లే ఉంచి మ్యాథ్‌జాక్స్ అనే స్క్రిప్ట్ తగిలించు, అది మ్యాథ్‌ఎంఎల్ చదువుకుని పాత బ్రౌజర్లో కూడా గీస్తుంది. క్రోమోళ్లు పట్టించుకోని కాలంలో ఇట్లాంటి టూల్సూ ఈపబ్ ఈ-పుస్తకాలే దాన్ని బతికించినాయి, నన్నడిగితే స్టాండర్డ్‌ని కొలవాల్సింది బ్రౌజర్ ఒక్కదాంతో కాదు.

కర్నూలు_లెక్కలు: తగిలించినా, పనిచేస్తాంది. కానీ పేజీ తెరుచుకునేకి నిదానం. కొత్త క్రోమ్ ఉండేవాళ్లకి ఆ స్క్రిప్ట్ దిగకుండా చేయొచ్చా?

కోడుమూరు_కోడర్: చేయొచ్చు. కనపడకుండా ఒక ఎంస్పేస్ (మ్యాథ్‌ఎంఎల్‌లో ఖాళీ జాగా వదిలే ట్యాగ్) పెట్టి ఎత్తు 23 పిక్సెల్స్ అని రాయి, జావాస్క్రిప్ట్‌తో కొలువు, అంత వచ్చిందంటే బ్రౌజర్‌కి మ్యాథ్‌ఎంఎల్ తెలిసినట్టే, రాకపోతేనే స్క్రిప్ట్ దింపు. వెర్షన్ నెంబర్ చూసి మాత్రం తేల్చొద్దు సార్, అది ఎవురైనా మార్చి చెప్పొచ్చు.