కారం కాయలో ఉందా, నాలుక మీద ఉందా?

(ఆన్‌లైన్‌లో ఓ చర్చ. రాసినవాళ్లవి మారుపేర్లు.)

బెంజి సర్కిల్:
పక్కింటి డాబా మీద ఆరబోసిన పండుమిరపకాయల్ని పొద్దున్నే ఓ రామచిలుక తీరిగ్గా కూర్చుని తింటోంది. ఉస్సు లేదు, అస్సు లేదు. అదే కాయ నేను కొరికితే చెంబెడు నీళ్లు కావాలి. కారం కాయకున్న గుణమే అయితే చిలుకకు ఎందుకు తగల్లేదు? కాయలో ఉన్నది క్యాప్సైసిన్ అనే పదార్థం, అంతే. కారం మన నరాలూ మెదడూ కలిసి తయారుచేసుకునేది. కాదనేవాళ్లు రండి.

బ్రాడీపేట మాస్టారు:
నాయనా, గుడ్డివాడికి కనబడలేదని మందారానికి ఎరుపు లేకుండా పోతుందా? చిలుకకు ఆ ఇంద్రియం లేదు, అంతవరకే. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో రసాన్ని, అంటే రుచిని, నిర్వచించాడు: నాలుకతో తెలిసే గుణం రసం. అది ఉండేది భూమిలో, నీటిలో. అంటే వస్తువులో. నాలుక తెలుసుకునే సాధనమే తప్ప పుట్టించేది కాదు. దీపం వెలిగిస్తే కుండ కనిపిస్తుంది. దీపమే కుండను చేసిందంటామా?

గుంటూరు గోంగూర:
కారం గింజల్లో ఉంటుంది. చర్చ ముగిసింది.

పల్నాటి కుర్రోడు:
గింజల్లో కాదు. గింజలు అంటుకుని ఉండే తెల్ల పొరలో.

బెంజి సర్కిల్:
మాస్టారూ, గుడ్డివాడి పోలిక ఇక్కడ అతకదు. క్యాప్సైసిన్ పట్టుకునే గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1, నరం మీద ఉండే గేటు లాంటిది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని గుర్తించింది, 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది కూడా. ఆ గేటు దాదాపు 43 డిగ్రీల వేడి దాటితే తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. పక్షుల్లోనూ అది ఉంది, వేడికి పనిచేస్తుంది, క్యాప్సైసిన్‌కు మాత్రం చలించదు. అంటే మన నోట్లో నిజంగా ఏమీ కాలడం లేదు. మెదడుకు 'మంట' అని తప్పుడు కబురు వెళుతోంది, అంతే. మీ భాషలోనే చెప్పాలంటే తాడును చూసి పామనుకోవడం. ఈ లెక్కన చిలుకే జ్ఞాని. పైగా కారం అసలు రుచే కాదు, వేడి.

బ్రాడీపేట మాస్టారు:
రుచే కాదా?! షడ్రసాల్లో కటువు, అంటే కారం, ఉందా లేదా? ఉగాది పచ్చడిలో ఇకనుంచి ఐదు రుచులే వేసుకోమంటావా?

నిశ్శబ్ద పాఠకుడు:
మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చింది మాస్టారూ. షడ్రసాలు చెప్పిన నాటికి ఇక్కడున్నవి మిరియాలు, పిప్పళ్లు.

బ్రాడీపేట మాస్టారు:
మిరియం మండదా? నా ప్రశ్నకు జవాబు అది కాదు. కటువు రసమా, కాదా?

బెంజి సర్కిల్:
మిరియంలో పైపరిన్ ఉంటుంది, అదీ తెరిచేది ఆ గేటునే. మిరపకాయ తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే మండుతుంది కదా, కంటికి రుచి తెలుస్తుందా? మీ అన్నంభట్టు దీన్ని స్పర్శ కింద రాయాల్సింది.

బ్రాడీపేట మాస్టారు:
స్పర్శ కూడా వస్తువు గుణమేనయ్యా! ఏ గదిలో పెట్టినా కాయలోనే ఉంటుంది.

పల్నాటి కుర్రోడు:
ఇది మీకు కాలక్షేపం. మాకు కాదు. పోయినేడు మా నాన్న తేజ రకం మిరపకాయలు పన్నెండు టిక్కీలు (బస్తాలు) అమ్మకానికి తీసుకెళ్లాడు. కొనేవాడు ఒక కాయ విరిచాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, 'కారం లేదు పెద్దాయనా' అని రేటు కోసేశాడు. వారం తిరిగాక అదే చేలో కాయ, అదే కోత, మా బాబాయి ఇంకొకడి దగ్గరికి తీసుకెళ్తే పూర్తి రేటు వచ్చింది. కారం నాలుక మీదే ఉందంటే రేటు ఎవడి నాలుకకి కడతారు? మా నాన్న నాలుకకా, వాడి ముక్కుకా?

బెంజి సర్కిల్:
అందుకే కదా ల్యాబులున్నాయి బ్రదర్. యంత్రంలో పెడితే క్యాప్సైసిన్ ఎంతుందో అంకెతో సహా చెబుతుంది. ఎవడి ముక్కుతోనూ పని లేదు.

పల్నాటి కుర్రోడు:
యంత్రం కొలిచేది కారం కాదని పొద్దున నువ్వే అన్నావు. కాయలో ఉన్నది పదార్థం అంతే అన్నావు. ఇప్పుడేమో అదే కారం అంటున్నావు. ఏదో ఒకటి చెప్పు.

నిశ్శబ్ద పాఠకుడు:
స్కోవిల్ అనే ఆయన 1912లో కారం కొలత పెట్టింది కూడా మనుషుల నాలుకలతోనే. తీపి నీళ్లలో మిరప సారం కలిపి, మంట తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ పోయాడు. ఇప్పుడు కొలిచేది యంత్రమైనా అంకె కింద ఆయన పేరే రాస్తున్నారు.

బెంజి సర్కిల్:
పెద్దగా చదవనివాళ్లతో ఇదే చిక్కు. మాట వాడకం వేరు, సిద్ధాంతం వేరు. మళ్లీ చెబుతున్నా, కారమైనా నొప్పైనా ఉండేది మెదడులో. బయటేమీ లేదు.

పల్నాటి కుర్రోడు:
చదువుకున్నానయ్యా. బీటెక్కే. చదివాక ఊరికి తిరిగొచ్చాను. అది నేరమా?

కృష్ణలంక అమ్మాయి:
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను. ఇవాళ రాస్తాను. మూడేళ్లుగా నాకు ఎడమ భుజం నొప్పి. స్కానింగులన్నీ నార్మల్. ఒక డాక్టరు ఫైలు మూసి 'నొప్పి నీ మెదడులో ఉందమ్మా, బయటేమీ లేదు' అన్నాడు. సరిగ్గా నువ్వు రాసిన మాటే తమ్ముడూ. ఆ రోజు నుంచి మా అత్తగారింట్లో నాది నాటకం. బిందె ఎత్తలేనంటే నవ్వుతారు. 'మెదడులో ఉంది' అని మీరు అంటే 'లేదు' అని ఇంట్లో వినపడుతుంది.

బెంజి సర్కిల్:
అక్కా, నేను లేదనలేదు. మెదడులో ఉందన్నాను. మెదడు ఉన్నదే కదా, అందులో జరిగేదీ ఉన్నదే.

కృష్ణలంక అమ్మాయి:
మరి చిలుక జ్ఞాని, మనది తాడు-పాము అని రాసిందెవరు?

(బెంజి సర్కిల్ చాలాసేపు కనిపించలేదు.)

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, నేనూ ఇందాకటి నుంచి షడ్రసాల దగ్గరే ఆగిపోయాను. వీళ్లు పోట్లాడేది కారం ఎక్కడుందని కాదు, ఎవరి మాట చెల్లాలని. తర్కంలో సుఖదుఃఖాలు ఆత్మ గుణాలు. వాటిని పట్టేది మనసు, ఎవరిది వారికే. నీ నొప్పి నీకు ప్రత్యక్షం, ఇంకొకరికి అనుమానం వల్ల, అంటే గుర్తుల్ని బట్టి ఊహించి, తెలియాల్సిందే. ఇంకోటి ఉంది, యోగ్యానుపలబ్ధి. ఒక వస్తువు ఉండి ఉంటే కనబడేదే అయినప్పుడు, కనబడకపోతేనే లేదనాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. స్కానింగులో నొప్పి కనబడదు. కనబడనిదాంట్లో వెతికి లేదంటే ఎట్లా?

కృష్ణలంక అమ్మాయి:
ఇది మా ఆయనకు పంపిస్తున్నాను.

బెంజి సర్కిల్:
అక్కా, ఆ 'భ్రమ' పోలిక తప్పే. వెనక్కి తీసుకుంటున్నా. కారం సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

పల్నాటి కుర్రోడు:
మాస్టారూ, మా నాన్న సంగతికి కూడా అది పనికొస్తుందా?

బ్రాడీపేట మాస్టారు:
ఎందుకు రాదు? వాడు నాలుక మీద పెట్టకుండా వాసన చూసి కారం లేదన్నాడు. ముక్కు కారానికి యోగ్యమైన ఇంద్రియం కాదు. నిలదీయి.

బెంజి సర్కిల్:
మాస్టారూ, ఆ గేటు ముక్కులో కూడా ఉంటుంది. ఘాటుకు తుమ్ములొచ్చేది అందుకే.

పల్నాటి కుర్రోడు:
నువ్వు పడుకో బాబూ.