దాతయ్యా, ధాతయ్యా?

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మమ్మ తండ్రిని ఇంట్లో ఇప్పటికీ ‘దాతయ్య’ అంటారు. పెద్ద కరువులో ఊరికంతటికీ గంజి పోయించాడని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటాం. మా మేనమామ ఏటా ఆయన పేరిట అన్నదానం కూడా చేస్తాడు. మొన్న అటక మీది పెట్టెలో ఆయన జాతకం తాటాకు దొరికింది. ‘ధాత నామ సంవత్సర మార్గశిర బహుళ’ వరకు చదవగలిగాను. తిథి దగ్గర పురుగు తినేసింది. ఈ ధాత, ఆ దాత ఒకటేనా?

— కానే కాదు. దాత ఇచ్చేవాడు. ధాత సృష్టికర్త, బ్రహ్మ. అరవై సంవత్సరాల్లో పదోదాని పేరు కూడా అదే. మన నోట ఒత్తులు నిలవవు కదా, రెండూ కలిసిపోయాయి. 1876-77 ధాత. మద్రాసు ప్రెసిడెన్సీని పట్టి పీడించిన ఆ కరువుకు ధాత కరువనే పేరు. మీ దాతయ్య గంజి పోయించలేదండీ, ఆ కరువులో కళ్లు తెరిచాడు.

— అంత తొందరెందుకు? అరవై ఏళ్లకొకసారి ధాత తిరిగి వస్తుంది: 1816, 1876, 1936. మా ఇంట్లో ‘నందన’ అన్న ఒక్క మాట పట్టుకుని 1892 అని రాసుకున్నాం. తీరా చూస్తే అది 1832, డొక్కల కరువు ఏడు. ఒక తరం మొత్తం వంశవృక్షంలో కిందికి జారిపోయింది. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) వేసిన కాగితం ఏదైనా ఉందా?

— ఉంది. ఆయన పేరున శిస్తు రసీదు, ఫసలీ 1318. అమ్మమ్మ పుట్టింది 1912లో.

— ఫసలీకి 590 కలపండి. 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. 1936 పోయింది. 1816 అంటారా, తొంభై ఆరో ఏట కూతురు పుట్టిందని ఒప్పుకోవాలి! కనుక 1876. మార్గశిర బహుళం ఆ ఏడు డిసెంబరు మొదటి సగంలో పడింది.

— అయితే గంజి మాటేమిటి? ఎవరో ఒకరు పోయించే ఉంటారు. ఆయన తండ్రి కావచ్చుగా?

— ఆ తండ్రి కోసమే గుంటూరులో రెండుసార్లు తిరిగాను. 1880ల నాటి కాగితం ఒక్కటీ దొరకలేదు.

— గుంటూరులో ఎలా దొరుకుతుంది? ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. ముందు నెల్లూరు వెళ్లండి.

— వెళతాను. ఒత్తు సంగతి మామయ్యకు చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘ఈసారి ఆహ్వాన పత్రికలో ధ వేయిస్తాను, వంటవాళ్లకు బయానా ఇచ్చేశాను’ అన్నాడు.