ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ గేమ్: కొత్తవాళ్లు కూడా కలిసి ఆడాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాలం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఈమధ్య మావారి ఆఫీసు స్నేహితుడు పీఎస్5లో ఎన్‌హెచ్‌ఎల్ 25 (అమెరికా, కెనడా ఐస్ హాకీ లీగ్ వీడియో గేమ్) పెడుతున్నాడు. అతను ఇక్కడే పెరిగాడు, చిన్నప్పటి నుంచి ఐస్ హాకీ చూస్తున్నాడు. మేమంతా క్రికెట్ చూసి పెరిగినవాళ్లం. చేతిలో కంట్రోలర్ ఉంటుంది గానీ మా వైపు గోల్స్ పడుతూనే ఉంటాయి, విజిల్ ఎందుకు వేశారో అర్థం కాదు. కాసేపటికి ఇద్దరు ముగ్గురు లేచి వంటింట్లోకి వచ్చేస్తున్నారు. నాకు మాత్రం ఈ ఆట నచ్చింది, నేర్చుకోవాలని గట్టిగా ఉంది. అందరం ఆడేలా ఏం చేయొచ్చు? ఇంకో సందేహం కూడా ఉంది. మా దగ్గర పాత పీఎస్4 కంట్రోలర్లు రెండున్నాయి. కనెక్ట్ అవుతున్నాయి గానీ ఈ గేమ్‌లో పనిచేయడం లేదు. పాడయ్యాయంటారా?

జవాబు:
కంట్రోలర్లు పాడవలేదండి. పీఎస్4 కంట్రోలర్ పీఎస్5 కన్సోల్‌కి కనెక్ట్ అవుతుంది, కానీ దాంతో పీఎస్4 గేములే ఆడగలం. ఎన్‌హెచ్‌ఎల్ 25 పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే వచ్చింది కాబట్టి పీఎస్5తో వచ్చే డ్యుయల్‌సెన్స్ కంట్రోలరే కావాలి. కొత్తది కొనేముందు వచ్చేవాళ్లలో ఎవరి దగ్గరైనా ఉందేమో అడిగి తెప్పించుకోండి.

మరో జవాబు:
అక్కా, ముందు మార్చాల్సింది కంట్రోల్స్. ఆ స్నేహితుడు ఆడేది స్కిల్ స్టిక్ పద్ధతి అయ్యుంటుంది. 2006లో ఎన్‌హెచ్‌ఎల్ 07తో వచ్చింది అది. కుడి స్టిక్‌ని హాకీ కర్రలా వాడాలి. పైకి తోస్తే రిస్ట్ షాట్ (మణికట్టుతో వేగంగా విసిరేది), వెనక్కి లాగి పైకి తోస్తే స్లాప్ షాట్ (కర్ర ఎత్తి బలంగా కొట్టేది). చేయి అలవాటుపడితే దానంత బాగుండేది ఇంకోటి లేదు, కానీ మొదటి రోజే దాంతో మొదలుపెడితే ఎవరికైనా చిరాకొస్తుంది. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఎన్‌హెచ్‌ఎల్ 94 కంట్రోల్స్ అని ఉంటుంది. పాస్‌కి ఒక బటన్, షాట్‌కి ఒక బటన్, దాదాపు అంతే. కొత్తవాళ్లకి అది పెట్టండి, అతను తన పద్ధతిలోనే ఆడుకోవచ్చు.

తర్వాత టీమ్‌లు. ఒకే టీవీ మీద ఆడేటప్పుడు కంట్రోలర్లన్నీ ఒకే టీమ్ వైపు జరిపి కంప్యూటర్ మీద ఆడొచ్చు. మొదటి కొన్ని వారాలు ఇలాగే ఆడండి. కంప్యూటర్ స్థాయి బాగా తగ్గించి పెట్టండి. తెలిసినవాడు మీ టీమ్‌లోనే ఉంటే పక్కన కూర్చుని నేర్పుతాడు, అతని పాస్‌లూ మీకే వస్తాయి. ఎదురుగా పెడితే మీకు పక్ (బంతికి బదులు వాడే నల్లటి బిళ్ల) అందదు, అతనికీ కాసేపటికి విసుగొస్తుంది.

పీరియడ్ నిడివి కూడా తగ్గించండి. అసలు మ్యాచ్‌లో 20 నిమిషాల పీరియడ్లు మూడుంటాయి. మీకు మూడు నాలుగు నిమిషాలవి చాలు. పీరియడ్ అయిపోగానే కంట్రోలర్ చేతులు మారాలి అనుకుంటే ఎవరూ లేచి వెళ్లరు.

ఇంకొకరు:
టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారా అండి? అది లేకపోతే కొన్ని టీవీల్లో బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యమవుతుంది. ఇంత వేగమైన ఆటలో ఆ తేడా చాలా ఎక్కువ. తమకే రావట్లేదని కొత్తవాళ్లు నిరుత్సాహపడతారు.
ఆఫ్‌సైడ్, ఐసింగ్, పెనాల్టీలు అన్నీ ఆఫ్ చేసేస్తే విజిళ్ల గోల కూడా ఉండదు.

రెండో జవాబు ఇచ్చినవారు:
పెనాల్టీలు ఆఫ్ చేయొద్దనే అంటాను బ్రో. అవి లేకపోతే అందరూ గుద్దుకోవడమే పనిగా పెట్టుకుంటారు. పాస్ ఇవ్వడం ఎవరికీ అలవాటు కాదు. ఐసింగ్ (మన సగం నుంచి పక్‌ని అవతలి చివరిదాకా ఊరికే కొట్టేస్తే ఆట ఆపడం) తీసేయండి, పర్లేదు. ఆఫ్‌సైడ్ మొదట తీసేసినా, ఆట కొంచెం చేతికొచ్చాక తప్పకుండా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. ఈ శనివారం మీరు చెప్పినట్టే చేశాం. గేమ్ మోడ్ నిజంగానే ఆన్‌లో లేదు! రెండు బటన్లతో అందరూ ఆడారు, వంటింట్లోకి ఎవరూ రాలేదు. ఇప్పుడు కొత్త సందేహాలు. ఆఫ్‌సైడ్ ఎంత చెప్పినా బుర్రకెక్కడం లేదు. ట్రిప్పింగ్ అని మాటిమాటికీ మమ్మల్నే బయటికి పంపుతున్నారు. షాట్లు బోలెడు కొడుతున్నాం గానీ గోలీ (గోల్ కీపర్) అన్నీ ఆపేస్తున్నాడు.

రెండో జవాబు ఇచ్చినవారు:
సంతోషం అక్కా. ఒక్కొక్కటే చెప్తాను.

ముందు ఆఫ్‌సైడ్. కబడ్డీలో కూత మొదలుపెట్టకుండా అవతలి కోర్టులోకి అడుగుపెట్టకూడదు కదా, ఇక్కడ పక్ వెళ్లకుండా అవతలి బ్లూ లైన్ (వాళ్ల గోల్ వైపున్న నీలం గీత) దాటకూడదు. ముందు పక్, ఆ తర్వాతే మీ మనిషి. పొరపాటున ముందే వెళ్లిపోయినా పక్‌ని ముట్టుకోకుండా వెనక్కొచ్చి గీతని తాకితే ఆట ఆగదు. కాకపోతే లోపలున్న మీవాళ్లంతా బయటికి రావాలి, ఒక్కడు మిగిలినా కుదరదు. అందుకే పక్ మీ దగ్గర లేనప్పుడు గీత దగ్గర కాస్త వేగం తగ్గించండి.

ట్రిప్పింగ్ ఎందుకు వస్తుందంటే, పక్ లాక్కోవాలని పోక్ చెక్ (కర్రతో పక్‌ని పొడిచే) బటన్ టకటకా నొక్కేస్తుంటాం. కర్ర పక్‌కి కాకుండా అవతలివాడి కాళ్లకి తగులుతుంది, అతను పడతాడు, మీ మనిషి రెండు నిమిషాలు బయట కూర్చుంటాడు. ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కసారే, పక్ మీ వైపు ఉన్నప్పుడే నొక్కండి. వెనక నుంచి వద్దు. పక్ లేనివాణ్ణి గుద్దినా పెనాల్టీయే.

డిఫెన్స్‌లో పక్ వెంట పరిగెత్తొద్దు. కొత్తవాళ్లందరిదీ ఇదే అలవాటు. పక్ ఉన్నవాడికీ మీ గోల్‌కీ మధ్యలో నిలబడి, అతన్ని పక్క గోడవైపు తోసుకుంటూ వెళ్లండి. దూరం నుంచి కొడితే కొట్టనివ్వండి, గోలీ చూసుకుంటాడు. గోల్ ముందు అడ్డంగా వెళ్లే పాస్‌ని మాత్రం ఆపాలి.

మీరు గోల్ కొట్టాలన్నా అదే పాస్ ఇవ్వాలి. గోలీ పక్ ఉన్నవాడి వైపు తిరిగి ఉంటాడు. ఎడమ నుంచి కుడికి గోల్ ముందుగా పాస్ ఇచ్చి, పక్ చేరకముందే షాట్ బటన్ నొక్కి ఉంచితే వచ్చిన పక్‌ని వచ్చినట్టే కొడతాడు. దీన్ని వన్ టైమర్ అంటారు. 1993లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 94లో ఇది చేర్చారు. ఇన్నేళ్లయినా ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గోల్ ఇదే. ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో ఒకే ఆలోచన చేస్తేనే అది పడుతుంది. కూర్చుని ఆడుతున్న ఇద్దరు స్నేహితులు ఒకేసారి అరిచేది కూడా ఆ గోల్‌కే.

ఒక మాట. మీరు ఫ్రిస్కోలోనే ఉన్నారు, ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసేది మీ ఊళ్లోనే. వాళ్ల మ్యాచ్ టీవీలో ఒక పీరియడ్ చూడండి, పక్‌ని కాకుండా పక్ లేని ఆటగాళ్లని చూడండి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఎలా జారుకుంటారో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
భలే చెప్పారండి, కబడ్డీతో మా అత్తగారికి కూడా అర్థమైంది. చివరిగా ఒకటి. మాలో ఒక జంట వచ్చే నెల షార్లెట్ వెళ్లిపోతున్నారు. వాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే?

రెండో జవాబు ఇచ్చినవారు:
వాళ్లకీ పీఎస్5 ఉంటే, అదే గేమ్, రెండు వైపులా పీఎస్ ప్లస్ (ఆన్‌లైన్‌లో ఆడటానికి కట్టే సభ్యత్వం) ఉండాలి. వరల్డ్ ఆఫ్ చెల్ అనే విభాగంలో ఈఏఎస్‌హెచ్‌ఎల్ అనే ఆన్‌లైన్ క్లబ్‌ల ఆట ఉంటుంది. అందులో మీరంతా కలిసి ఒక క్లబ్ పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరు ఒక్క ఆటగాడినే నడుపుతారు, కాబట్టి ఎవరి చోటు వాళ్లు పట్టుకోవడం తప్పనిసరిగా వస్తుంది. ఆరుగురిగా కాకుండా ముగ్గురు ముగ్గురుగా ఆడేదానితో మొదలుపెట్టండి, ఐస్ మీద చోటు ఎక్కువ దొరుకుతుంది. వీలైతే వైఫై కాకుండా కేబుల్ పెట్టుకోండి. హెడ్‌సెట్ మాత్రం అందరికీ ఉండాలి, వన్ టైమర్‌కి "ఇవ్వు" అని అరవాలి కదా. గోలీగా కంప్యూటర్‌నే ఉంచండి, కొత్తలో ఆ చోటు ఎవరికీ ఇవ్వొద్దు.