వారంటీలో ఉండగా పోయిన కంప్యూటర్ మదర్‌బోర్డును సర్వీస్ సెంటర్‌కు చేర్చాల్సింది ఎవరు: అమ్మిన షాపా, కొన్న మనమా?

పర్లాకిమిడి డీటీపీ:
మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, బిల్లు పుస్తకాలు తెలుగు, ఒడియా రెండింటిలోనూ చేస్తాను. కిందటేడు విశాఖలో ఒక షాపులో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. ఏడో నెలలో, మాఘమాసం పెళ్లిళ్ల పని నెత్తిమీద ఉండగా, స్క్రీన్ మీద ఏమీ రావడం మానేసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. పాతపట్నం నుంచి మెకానిక్‌ని పిలిపించాను. ర్యామ్ మార్చి చూశాడు, వేరే పవర్ సప్లై పెట్టి చూశాడు, చివరికి ఈ భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు, అదే మదర్‌బోర్డే పోయిందన్నాడు.

బోర్డుకు 3 ఏళ్ల వారంటీ ఉంది. షాపుకు ఫోన్ చేస్తే, "అది కంపెనీ వారంటీ మేడమ్, మాకు సంబంధం లేదు, మీరే సర్వీస్ సెంటర్‌కు పంపించుకోండి" అన్నారు. సరే అని బోర్డు విప్పించి, కాగితాలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి కొరియర్ చేశాను. 12 రోజులకు అక్కడి నుంచి మెసేజ్ వచ్చింది: సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట) పిన్నులు వంగి ఉన్నాయి, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు. ఆ పిన్నులు ఎలా ఉంటాయో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

డబ్బు తీసుకున్నది షాపు, బిల్లు ఇచ్చింది షాపు, ప్రాసెసర్ బిగించింది షాపు. వస్తువు పోతే దాన్ని కంపెనీకి చేర్చే పని కూడా షాపుదే అని నేనంటాను. మీరేమంటారు?

బరంపురం షాపు:
అమ్మా, నాది బరంపురంలో కంప్యూటర్ షాపు. నా మాట మీకు నచ్చకపోవచ్చు. బోర్డు మీద మాకు మిగిలేది నాలుగు రాళ్లు. అది పోయిందని మీరు తెస్తే నేను డిస్ట్రిబ్యూటర్‌కు పంపాలి, ఆయన కంపెనీకి పంపాలి, రాను పోను ఖర్చు ఎవరూ ఇవ్వరు. ఇంకో మాట. మా దగ్గర 500 ఎక్కువని విశాఖో భువనేశ్వరో వెళ్లి కొంటారు, పోయాక మాత్రం పెట్టె చంకన పెట్టుకుని మా షాపుకే వస్తారు. కాదంటే మేం చెడ్డవాళ్లం. వారంటీ కార్డు మీద ఉన్నది కంపెనీ పేరు. బాధ్యత కంపెనీదే.

గుణుపూర్ ఇంజనీరింగ్:
బరంపురం అన్నయ్యతో సగం ఒప్పుకుంటాను. నేను అన్నీ ఆన్‌లైన్‌లోనే కొంటాను, షాపు అనే మనిషే మధ్యలో ఉండడు. నా ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ దాచే డిస్క్) రెండో ఏడు పోతే కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి, వాళ్లు చెప్పిన చోటికి పంపాను. వేరేది పంపారు. అయితే రెండు సంగతులు ముందు తెలియక బాధపడ్డాను. కొత్తగా వచ్చిన దానికి వారంటీ మళ్లీ మొదటి నుంచి లెక్క కాదు, పాతదానికి మిగిలిన కాలమే వర్తిస్తుంది. రెండోది, పాత ఎస్ఎస్‌డీ తిరిగి రాదు. అందులో ఉన్న మా నాన్నగారి ఫొటోలు పోయాయి. వారంటీ అనేది వస్తువుకే, లోపలున్న డేటాకు కాదు. దయచేసి అందరూ బ్యాకప్ పెట్టుకోండి.

పర్లాకిమిడి డీటీపీ:
తమ్ముడూ, ఫొటోల సంగతి చదివి మనసు కలుక్కుమంది. బరంపురం బాబుగారూ, 500 కోసం విశాఖ వెళ్లలేదు నేను. మా ఊళ్లో అప్పుడు ఆ బోర్డు దొరకలేదు. మాకు ఆసుపత్రి అయినా పట్టుచీర అయినా విశాఖే. సరిహద్దు దాటి కొన్నానని వారంటీ సగమైపోదు కదండీ.

రాయగడ మాస్టారు:
సరిహద్దు మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి చెబుతాను. మనలాంటి వాళ్లకు ఇది చాలా ముఖ్యం. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, అమ్మినవాడు ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో కేసు వేయాల్సి ఉండేది. అంటే పర్లాకిమిడి మనిషి విశాఖకు వాయిదాలకు తిరగాల్సి వచ్చేది. 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చాక, కొన్నవాళ్లు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సమస్య వచ్చిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఒక చిక్కు కూడా ఉంది. వ్యాపారం కోసం కొన్న వస్తువైతే మీరు వినియోగదారు కాదు అని ఎదుటివాళ్లు వాదిస్తారు. భయపడకండి. సొంతంగా పని చేసుకుంటూ దాని మీదే బతికేవాళ్లను ఆ చట్టమే వినియోగదారులుగా లెక్కిస్తుంది. డీటీపీ మీరే చేస్తున్నారు, అదే మీ జీవనం అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ఇక అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో షాపువాళ్లు "మాకు సంబంధం లేదు" అనలేరు. వాళ్లు అమ్మింది బోర్డు ఒక్కటే కాదు, విడి భాగాలు బిగించి కంప్యూటర్ తయారుచేసి ఇచ్చారు. బిగించడం ఒక సేవ. ఆ సేవలో లోపం ఉంటే కంపెనీ వెనక దాక్కోవడానికి లేదు.

బరంపురం షాపు:
మాస్టారూ, ఏడు నెలలు పనిచేసిన కంప్యూటర్‌లో బిగింపు లోపం ఎలా అవుతుంది? పిన్ను మొదటి రోజే వంగితే ఆ రోజే డిస్‌ప్లే వచ్చేది కాదు.

సిరోంచ:
మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, గోదావరి దాటితే తెలంగాణ. మంచిర్యాలలో మానిటర్ కొన్నాను. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోలేదు. సర్వీస్ సెంటర్‌లో తయారైన తేదీ నుంచి వారంటీ లెక్కకట్టి, అయిపోయింది పొమ్మన్నారు. షాపువాళ్లు నంబరు రాసి కొత్త బిల్లు ఇస్తేనే కుదిరింది. బిల్లు తీసుకునేటప్పుడు ఆ ఒక్కటీ అడగండి.

పాతపట్నం మెకానిక్:
నమస్కారం అండి. మేడమ్ గారి బోర్డు విప్పింది నేనే. ఇక్కడ అందరూ షాపా, కంపెనీయా అంటున్నారు. పిన్ను ఎక్కడ వంగి ఉంటుందో చెబుతాను.

ఈ రకం ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. వెంట్రుకల్లా సన్నగా వెయ్యికి పైగా ఉంటాయి, గోరు తగిలినా వంగుతాయి. అందుకే కొత్త బోర్డుకు సాకెట్ మీద ఒక నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది. ప్రాసెసర్ బిగించేటప్పుడు ఆ మూత ఊడి వస్తుంది. బోర్డును వారంటీకి పంపేటప్పుడు ప్రాసెసర్ తీసేసి ఆ మూత తిరిగి పెట్టి పంపాలి. నేను ప్రాసెసర్ తీశాక మూత కోసం వెతికాను. మేడమ్ గారి పెట్టెలో లేదు. అసెంబుల్ చేసిన రోజున షాపువాళ్లు పారేసి ఉంటారు, చాలామంది అలాగే చేస్తారు. మూత లేకుండా కాగితం చుట్టి పంపాం. దారిలో వంగాయో, నా చేతిలో వంగాయో నేను ఒట్టేసి చెప్పలేను. విప్పిన వెంటనే ఫొటో తీసి ఉండాల్సింది. తియ్యలేదు. ఆ తప్పు నాది.

గుణుపూర్ ఇంజనీరింగ్:
అన్నా, మీరు ఇలా ముందుకొచ్చి చెప్పడం గొప్ప విషయం. నేను పైన అన్న మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఒక ఉదాహరణ కూడా గుర్తొచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల పాడవుతున్నాయని తేలాక, 2024 ఆగస్టులో కంపెనీ 2 ఏళ్ల వారంటీ అదనంగా ఇచ్చింది. పెట్టెతో కొన్నవాళ్లను నేరుగా తమ దగ్గరికి రమ్మంది. పెట్టె లేకుండా ట్రే ప్రాసెసర్ కొన్నవాళ్లను మాత్రం కొన్న చోటే అడగమంది. అంటే ఏది షాపు ద్వారా రావాలో, ఏది నేరుగా రావచ్చో కొనేటప్పుడే తెలియాలి. విడిగా బిగించిన కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఎలా వచ్చిందో కొన్నవాళ్లకు ఎవరు చెబుతున్నారు?

బరంపురం షాపు:
మెకానిక్ తమ్ముడు చెప్పింది నిజం. మూత ఖాళీ బోర్డు పెట్టెలో వేసి ఇవ్వాలి. నేను కూడా అన్నిసార్లూ ఇవ్వలేదు, ఇక మీద ఇస్తాను. అయినా రవాణా ఖర్చు షాపు నెత్తిన వేయడం న్యాయం కాదనే నా మాట. నేను బోర్డు తీసుకోవడానికి ఎందుకు జంకుతానో తెలుసా అమ్మా? నేను తీసుకున్నాక పిన్ను వంగిందని వస్తే, ఆ బోర్డు ధర నేను కట్టాలి. కౌంటర్ దగ్గర ఇద్దరం కలిసి సాకెట్ చూసి, ఫొటో తీసి, ఆ కాగితం మీద ఇద్దరం సంతకం పెడితే తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కొరియర్ డబ్బులు మాత్రం మీరివ్వాలి.

ఇంకొకటి అడగండి. సర్వీస్ సెంటర్‌వాళ్లు పార్సిల్ తెరిచినప్పుడు జాబ్ షీట్ రాస్తారు. అందులో వస్తువు పరిస్థితి గురించి ఏం రాశారో కాపీ పంపమనండి.

పర్లాకిమిడి డీటీపీ:
నిన్న అడిగాను, ఈ రోజు మెయిల్‌లో కాపీ వచ్చింది. పార్సిల్ అందిన తేదీ, సీరియల్ నంబరు, "డిస్‌ప్లే లేదు" అన్న ఫిర్యాదు ఉన్నాయి. డ్యామేజ్ అనే గడి ఖాళీగా ఉంది. వంగిన పిన్నుల ఫొటో తీసింది ఆ తర్వాత 9 రోజులకు.

రాయగడ మాస్టారు:
ఆ ఖాళీ గడి మీకు చాలా విలువైన సాక్ష్యం. తీసుకున్న రోజు దెబ్బ కనిపించలేదు, లేదా చూడలేదు. రెండింటికీ జవాబు చెప్పాల్సింది వాళ్లే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు, తీర్పు ఇచ్చే అధికారం మాత్రం వాళ్లకు లేదు. అక్కడ తేలకపోతే కమిషన్. అప్పుడు కంపెనీని, షాపును ఇద్దరినీ చేర్చండి. బోర్డు వెనక్కి వచ్చినా ఎవరి చేతా పిన్నులు సరిచేయించకండి.

పర్లాకిమిడి డీటీపీ:
అలాగే మాస్టారూ. బరంపురం బాబుగారూ, మొదట మీ మీద కోపం వచ్చింది. కౌంటర్ దగ్గర సంతకం మాట నాకు నచ్చింది, కొరియర్ డబ్బులు ఇవ్వడానికి కూడా నాకు ఇబ్బంది లేదు. కానీ బోర్డు షాపు చేతుల మీదుగానే వెళ్లాలి అన్న మాట మార్చుకోను. ఎందుకంటే ఆ మూత ఒకటి ఉంటుందని షాపుకు తెలుసు, నాకు తెలియదు. పాతపట్నం తమ్ముడూ, నీ మీద నాకేం లేదు. నువ్వు ఇక్కడ రాసిందే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు. అద్దె కంప్యూటర్ మీద కార్డుల పని నడుస్తోంది. మాస్టారూ, ఆదివారం ఫిర్యాదు చిత్తుప్రతి పంపుతాను, ఒకసారి దిద్ది పెట్టండి.