మొబైల్ హోమ్ కింద కొత్త పైపులు, కరెంటు లైను: అడుగు షీటు కోయక తప్పదా?

ప్రశ్న:
మాది 1985 నాటి సింగిల్ వైడ్ (ఫ్యాక్టరీలో ఒకే ముక్కగా కట్టి, తెచ్చి నిలిపే మొబైల్ హోమ్). కింద బూడిదరంగు ప్లాస్టిక్ పైపులు జాయింట్ల దగ్గర మాటిమాటికీ కారుతున్నాయి. అన్నీ తీసేసి పెక్స్ (వంగే ప్లాస్టిక్ పైపు) వేద్దామనుకుంటున్నాను. ఎలాగూ కిందికి దూరుతున్నాను కదా, వెనక గదిలో హీటరుకు కొత్త కరెంటు లైను కూడా లాగాలని ఉంది. అడుగున ఉన్న నల్ల షీటు కోయకుండా రెండిటినీ బయటే ఇనప దూలాలకు కట్టేస్తే సరిపోతుందా?

జవాబు 1:
అది పాలీబ్యూటిలీన్ అనే పాత రకం ప్లాస్టిక్ అయి ఉంటుందండి. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో చాలా ఇళ్లకు అదే వేశారు. ఒకచోట అతికితే ఇంకోచోట కారుతుంది. మొత్తం మార్చడమే మేలు.

జవాబు 2:
షీటు కోయండి, భయపడకండి. చలికాలంలో పైపును కాపాడేది ఇంట్లోంచి దిగే వేడే. అది ఫ్లోరుకూ షీటుకూ మధ్యే నిలుస్తుంది. బయట కడితే మొదటి గట్టి చలికే నీళ్లు గడ్డకడతాయి. పెక్స్ కాస్త సాగుతుంది కానీ ఫిట్టింగులు సాగవు.

చాలామంది షీటు కోసి కూడా ఇన్సులేషన్‌ను (వేడి పోకుండా ఆపే మెత్తటి పొరను) పైకి నెట్టి, దాని కింద పైపు పెట్టేస్తారు. అలా చేస్తే వేడి పైపు దాకా రాదు. ఫ్లోరు, దాని కింద పైపు, ఆ కింద ఇన్సులేషన్, చివర షీటు: ఈ వరస తప్పకూడదు. తడిసిన ఇన్సులేషన్ పారేయండి. మూసేముందు నీళ్లు వదిలి ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడండి. మూయడానికి బెల్లీ టేపే (ఈ అడుగు షీటు కోసమే చేసిన టేపు) వాడండి, మామూలు డక్ట్ టేపు ఊడిపోతుంది. నేలలోంచి పైకొచ్చే పైపు ముక్కకు మాత్రం మొబైల్ హోమ్స్‌కు పనికొచ్చే హీట్ కేబుల్ (కరెంటుతో వేడెక్కే తీగ) చుట్టి, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే) ప్లగ్గులో పెట్టండి.

వైరు సంగతి వేరు. మామూలు రోమెక్స్‌ను (ఇంటి లోపల వాడే ప్లాస్టిక్ తొడుగు వైరును) ఇంటి కింద వేలాడదీయకూడదు, బయటి భాగమంతా కాండ్యూట్‌లో (వైరును కాపాడే గొట్టంలో) వెళ్లాలి. మెయిన్ ఆపి, టెస్టరుతో చూశాకే ముట్టుకోండి. ఇంట్లోని ప్యానెల్లో న్యూట్రల్, గ్రౌండ్ (ఎర్త్) ఎప్పుడూ విడిగానే ఉండాలి, దయచేసి కలపకండి. పర్మిట్ గురించి ముందే కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. హీటరు 1500 వాట్లది. 12 గేజ్ వైరు, 20 ఆంప్ బ్రేకరు చాలా?

జవాబు 2:
చాలు. 120 వోల్టుల మీద అది 12.5 ఆంపులు లాగుతుంది. ఆ లైను మీద ఇంకేమీ పెట్టకండి.