నగాగ్నియా, నగాగయా?

సత్యనారాయణపురం, విజయవాడ:
మిత్రులారా, సుమారు 30 ఏళ్ల క్రితం ఇక్కడి కళాశాలలో ఇంటెల్ 8086 ప్రాసెసరు అసెంబ్లీ (యంత్రభాషకు దగ్గరి ప్రోగ్రాము భాష) పాఠం చెబుతూ, రిజిస్టరులో (ప్రాసెసరు సంఖ్యను ఉంచుకునే చోటులో) పట్టని సంఖ్యను ఎలా కూడాలో వివరించడానికి మా మాస్టారు గణితకవి పావులూరి మల్లన చదరంగపు పద్యాన్ని నల్లబల్ల మీద రాసేవారు. చదరంగపు గళ్లలో రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని, శర అంటే 5, శశి అంటే 1 అన్నట్టు, ఒక్కో అంకెకు ఒక్కో మాటతో చెప్పే పద్యమది. “శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగా” వరకు నోటికి వస్తోంది. తరువాతిది “గ భూధర”యా, “గ్ని భూధర”యా? నాలుగో పాదం కూడా ఎవరైనా ఇవ్వగలరా?

బ్రాడీపేట, గుంటూరు:
“నగాగ భూధర”యే. నగ, అగ, భూధర అని మూడు కొండలను వరుసగా నిలిపే సొగసును కవి వదులుకోడు. చంపకమాల గణాలు కూడా సరిపోతాయి.

మొగల్రాజపురం, విజయవాడ:
గణాలను సాక్ష్యానికి పిలవడం వృథా. ‘గా’ దీర్ఘం గనుక వెనుక సంయుక్తాక్షరం ఉన్నా లేకున్నా గురువే. తేల్చవలసింది లెక్క. 64 గళ్లలో ఒకటితో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం, 64 బిట్లూ (0, 1 మాత్రమే పట్టే స్థానాలు) ఒకట్లతో నిండిన సంఖ్య. హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా రాసే పద్ధతిలో రాస్తే పదహారు ఎఫ్‌లు. ఎఫ్ విలువ 15 గనుక ఆ సంఖ్య మూడుతో నిశ్శేషంగా భాగింపబడి తీరాలి. అగ్నికి 3 వేస్తే పద్యంలోని ఇరవై అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది. అగకు 7 వేస్తే 91, పోదు. మీ కొండలెక్కడికీ పోలేదు లెండి, నగ, భూధర, గిరి అని మూడూ పద్యంలోనే ఉన్నాయి.

బ్రాడీపేట:
అంగీకరించాను. అయితే మల్లన ఒకట్ల స్థానాన్ని ముందు చెప్పాడు. ఇంటెల్ ప్రాసెసరు కూడా తక్కువ విలువ గల బైటునే ముందు అడ్రసులో ఉంచుతుంది. ‘లిటిల్ ఎండియన్’ అనే ఈ పద్ధతి మనకు కొత్త కాదన్నమాట!

మొగల్రాజపురం:
“అంకానాం వామతో గతిః”, అంటే అంకెల నడక ఎడమవైపుకు, అన్నది సంస్కృత గణితకారుల సంప్రదాయం. మల్లన మహావీరాచార్యుని గ్రంథాన్ని తెనిగించినవాడు. ఆ కీర్తిని ఇంటెల్‌తో ముడిపెట్టడం తొందరపాటు.

అరండల్‌పేట, గుంటూరు:
ఈ లెక్కను ల్యాబులో నేను చేశాను. నాలుగు 16 బిట్ల పదాలు కావాలి. మొదటి పదానికి యాడ్ (మామూలు కూడిక), మిగిలిన మూడింటికి ఏడీసీ (వెనుకటి కూడికలో మిగిలిన క్యారీని, అంటే చేతిలో ఒకటిని, కలుపుకునే కూడిక). లూపులో అడ్రసును ముందుకు జరపడానికి “యాడ్ ఎస్ఐ, 2” (ఎస్ఐ అనే రిజిస్టరుకు 2 కలుపు) అని రాసి క్యారీని చెరుపుకొని, ఒక సాయంత్రమంతా తప్పు వెతుక్కున్నాను. ఒకటి పెంచే ఇంక్ సూచన క్యారీ జోలికి పోదు గనుక దాన్ని రెండుసార్లు వాడాలి. అన్నట్టు నాలుగుకు అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని నాలుగు వేర్వేరు మాటలు వెతికిన కవి, అయిదుకు మాత్రం ‘శర’ను రెండుసార్లు వాడడమేమిటి?

బ్రాడీపేట:
రెండో శరం పక్కనే సాయకం కూడా ఉందండీ. మన్మథుడి అమ్ములపొదిలో అయిదుంటే కవి మూడే తీశాడు.

సత్యనారాయణపురం:
నాలుగో పాదం, అయ్యా?