క్లాంప్ సెట్‌తో కత్తి సాన పడితే మొన దగ్గర పదును రావట్లేదు, హెల్ప్ చేయండి

నమస్తే అండి, మేం బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటాం, ఇదివరకు సైకిల్ మీద సాన పట్టే ఆయన వీధిలోకి వచ్చేవాడు, ఇప్పుడు కనపడట్లేదు, సరే మనమే చేసుకుందాం అని కత్తిని క్లాంప్‌లో బిగించి రాడ్ మీద రాయి నడిపే సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా. 8 అంగుళాల కత్తి, ఒక్కో వైపు 20 డిగ్రీలు, ముందు 400 గ్రిట్ (గరుకు) రాయి, తర్వాత 1000 గ్రిట్ (నున్నటి) రాయి.

పిడి వైపు భలే వచ్చింది, పండు టమాటా మీద ఆనిస్తే చాలు దిగిపోతోంది. మొన దగ్గర రెండంగుళాలు మాత్రం తొక్క మీద జారుతోంది. అంచుకి మార్కర్ పూసి చూశా, మధ్యలో ఇంకు మొత్తం పోయింది, మొన దగ్గర సరిగ్గా అంచు మీద నల్లగా అలాగే ఉంది, కాస్త పైన మాత్రమే అరిగింది. అంటే క్లాంప్‌కి దూరమయ్యేకొద్దీ యాంగిల్ తగ్గిపోతోందనే కదా?

మరి క్లాంప్‌ని మొన వైపు జరపాలా, లేక రెండు చోట్ల బిగించి రెండుసార్లు పట్టాలా? అలా చేస్తే మధ్యలో రెండూ కలిసే చోట తేడా తెలిసిపోదా? ఇంకోటి, నా 1000 రాయి కొంచెం మందం ఎక్కువ, రాయి మార్చినప్పుడల్లా యాంగిల్ మళ్లీ సెట్ చేసుకోవాలా?

క్లాంప్ పట్టిన చోట గీతలు కూడా పడ్డాయి, ఇప్పుడు టేప్ వేస్తున్నా. మా అమ్మేమో ఊరి నుంచి కత్తిపీట పంపిస్తా ఊరుకోరా అంటోంది. తొందరగా చెప్పండి ప్లీజ్.